ఎడమ మణికట్టు మీద రాగిపిండి

"ప్లగ్గు పీకేసినాక కరెంటు యాడుంటుందమ్మా? గోడలోది గోడలోనే నిలిచిపోయింది గదా."

"గోడలోది గోడలో ఉంటుంది. పెట్టెలోకి వచ్చేసింది పెట్టెలో ఉంటుంది. బల్బు పెట్టి దాన్ని దించెయ్. ఆ తర్వాత వాల్వు మీద చెయ్యి పెట్టు."

"బల్బు మాడిపోయింది. కొత్తది తెస్తే దండగ అంటావు."

"వంటింట్లోది పీక్కో. ఎవురు వద్దన్నారు?"

"దాని మీద ఉండే మసికి అది వెలిగినా తెలీదు, ఆరినా తెలీదు. నీకు ఆ వెలుతుర్లో సంగటి ఎట్ల కనిపిస్తా ఉందో ఆ దేవుడికే తెలియాల."

"నాకు కనిపించేది నాకు కనిపిస్తుంది. బల్బు లేకపోతే ఎడమ చెయ్యన్నా వెనక్కి కట్టుకో. మీ నాయన చెయ్యి కట్టుకోకుండా ఆ పెట్టె మూత ఎత్తింది లేదు."

"నాయన కాలం వేరే. నేను దినమూ కంపెనీలో మూడు ఫేజుల మిషను ముందర నిలబడి వస్తా ఉండాను. నువ్వు లోపలికి పోయి పిండి జల్లించుకో."

"పోతాను. నువ్వు పిలిచినా ఇంక నీ దగ్గరికి రాను."

"రావద్దు. పో."

ఇవి నాకూ నా కొడుకు మునిరాజుకూ మధ్య ఒక మధ్యాహ్నం నడిచిన మాటలు. ఒక్కటి కూడా కలపకుండా, తీసేయకుండా రాసినాను. ఎందుకంటే ఆ తర్వాత కొంచెం సేపటికి జరిగినదానికి, నేను "రాను" అన్న మాటకు సంబంధం ఉంది.

నాకు దయ్యాలు, గాలీ ధూళీ అంటే నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. మాది కెలవరపల్లి డ్యాము పక్కన పల్లె. రాత్రి పూటే పంపుసెట్టుకు కరెంటు ఇచ్చే కాలంలో చేనుకు నీళ్ళు కట్టింది నేనే. ఒంటిగా పోయినాను, ఒంటిగా వచ్చినాను. పాములను చూసినాను, పందులను చూసినాను, మా గట్టు జరిపిన పక్క చేను మనిషినీ చూసినాను. దయ్యాన్ని మాత్రం చూడలేదు. ఇంటి ముందర నిమ్మకాయ కోసినారని ఆడవాళ్ళు భయపడతా ఉంటే, ఆ నిమ్మకాయ ఎత్తుకొని పోయి ఊరగాయ పెట్టుకుంటాను అని నేను తిట్టిన దాన్ని. నేను చదివింది మూడో తరగతి. తెలుగు కూడబలుక్కొని చదువుతాను, మెల్లగా రాస్తాను. తెలిసినంత వరకు జరిగింది జరిగినట్టే చెప్తాను.

మాది సేద్యం చేసే కుటుంబం. రాగులు, అనుములు, కొంచెం టొమేటో. సేద్యంతో పాటు మా ఇంటాయనకు మైకుసెట్టు ఉండె. పెండ్లికీ, జాతరకూ, చావుకూ బాడుగకు ఇచ్చేవాడు. ఆ సామాన్లలో ఒక చిన్న ఇనుప పెట్టె. దాన్ని ఆయన "ప్రీ" అనేవాడు. పూర్తి పేరు ప్రీయాంప్లిఫయరు అని తర్వాత తెలుసుకున్నాను. మైకులో మాట్లాడే మాట మొదట దీంట్లోకి వస్తుంది. ఆడ కొంచెం బలం పుంజుకొని పెద్ద ఆంప్లిఫయరుకు పోతుంది. బెంగుళూరులో ఎవురో రేడియో షాపు మూసేస్తా ఉంటే ఆయన పాతదే కొని తెచ్చినాడు.

దాని లోపల గాజు వాల్వులు. చిన్నవి కొన్ని, పెద్దది ఒకటి. ఆ పెద్దదాన్ని రెక్టిఫయరు అంటారు. అది ఏం చేస్తుందని నేను అడిగితే ఆయన చేను భాషలో చెప్పినాడు. గోడలోంచి వచ్చే కరెంటు ముందుకూ వెనక్కూ ఊగతా ఉంటుందంట. ఈ వాల్వు మడవ మాదిరి. ఒక్క దిక్కుకే పారనిస్తుంది, వెనక్కి రానియ్యదు. అట్ల పారింది కండెన్సరు అనే డబ్బాల్లో నిలుస్తుంది. అవి తొట్లు. బోరు మోటరు నిలిపేస్తే తొట్టిలో నీళ్ళు మాయమైపోతాయా? పోవు. ప్లగ్గు పీకినా డబ్బాలో కరెంటు అట్లే. పెట్టె పని చేసేటప్పుడు చిన్న వాల్వులు ఆ నీళ్ళు తాగతా ఉంటాయి. ఆపినాక కూడా వేడి ఆరేదాకా మిగిలింది అవే తాగేస్తాయి. అట్ల తాగకుండా మిగిలిపోయిందనుకో, అది మనిషిని తాగుతుంది.

ఇది ఆయన ఊరికే చెప్పిన మాట కాదు. ఆయన తమ్ముడు, నా మరిది, మొదట్లో మైకుసెట్టు పనిలో ఆయన జత ఉండినాడు. అంచెట్టి పక్కన ఒక పల్లెలో పెండ్లి. పెట్టె పలకడం లేదని మూత తీసి, ఎడమ చేత్తో ఇనుప పెట్టెను పట్టుకొని, కుడి చేత్తో లోపల తడిమినాడు. ఒక చేతిలో పోయిన కరెంటు రొమ్ములో దూరి ఇంకో చేతిలో వచ్చింది అన్నారు. ఆ పక్క బస్సు కూడా సరిగా లేని చోటు. ఎద్దుల బండిలో తెచ్చినారు. తెచ్చేసరికి ప్రాణం లేదు. మునిరాజు అప్పుడు పలక పట్టుకొని బడికి పోయే వయసు.

ఆ తర్వాతే మా ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. పెట్టె మూత తీయాలంటే ముందు ప్లగ్గు పీకాల. పీకిన ప్లగ్గు తన ముందర కంటికి కనిపించేట్టు పెట్టుకోవాల. వాల్వు వేడి ఆరే దాకా కూర్చోవాల. ఆ తర్వాత ఆయన భుజం మీది తువ్వాలు తీసి, ఎడమ చేతిని నడుం వెనక పెట్టి, మొలతాడుకు కలిపి చుట్టుకునేవాడు. ఒంటి చెయ్యే మిగిలేది. ఒక చెయ్యి పెట్టెలో ఉన్నప్పుడు ఇంకో చెయ్యి దేన్నీ తాకకూడదు, అదీ ఆయన లెక్క. ఆ ఒంటి చేత్తోనే బల్బు పెట్టేవాడు. మామూలు ఇంటి బల్బుకు రెండు వైర్లు. ఒకటి పెట్టె ఇనుముకు తగిలించి, రెండోది కండెన్సరుకు ఆనిస్తే బల్బు ఒక్కసారి మినుక్కుమని ఆరిపోయేది. "తొట్టి ఖాళీ" అనేవాడు. అప్పుడు గాని వాల్వు మీద చెయ్యి పెట్టేవాడు కాదు.

చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. పంతులుగారు సంధ్య వార్చినట్టు ఏందప్పా ఇదంతా అనేవాళ్ళు. నవ్వనీ అనేవాడు.

ఆయన ఎదలో నొప్పి వచ్చి పోయినాడు. మంచంలో పడి ఎవురినీ కష్టపెట్టలేదు. మైకుసెట్టు మునిరాజు చేతికి వచ్చింది. అప్పటికి వాడు మూకండపల్లిలో ఒక కంపెనీలో పనిలో చేరినాడు. పొద్దున షిఫ్టుకు పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. పెండ్లి కూడా అయింది. కోడలు పద్మ. మంచిది, కానీ నీళ్ళు ఎక్కువ ఒలకబోస్తుంది.

ఇది తొంభైల చివర్లో జరిగిన సంగతి. అప్పటికే అందరూ కొత్త రకం ట్రాన్సిస్టరు సెట్లకు మారిపోయినారు. మా దగ్గర పెద్ద ఆంప్లిఫయరు కొత్తదే. ఈ ప్రీ మాత్రం పాతదే ఉండనిచ్చినాము. పనిచేసేదాన్ని పారేసే ఇల్లు కాదు మాది. ఇంకో సంగతి, మా పక్క ఊళ్ళలో ఎండాకాలంలో ధర్మరాజుల గుడిలో భారతం చెప్పిస్తారు. దినమూ కథ, ఆఖర్న నిప్పులు తొక్కేది. ఆ కథ చెప్పే అయ్యవారు ముసలాయన, గొంతు సన్నబడిపోయింది. మా పెట్టెలో అయితేనే ఆయన గొంతుకు ఒళ్ళు వస్తుంది అని ఆయనే అడిగి పిలిపించుకునేవాడు. మా ఇంటాయన పోయినాక కూడా పిలిచినారు. తాంబూలం తీసుకొని మాట ఇచ్చింటిమి.

కథ మొదలయ్యే దినానికి ముందు దినం పెట్టె చెడింది. మునిరాజు షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, తిని, పెట్టెను నడవలో పెట్టుకొని పరీక్ష పెట్టినాడు. పలికినట్టే పలికి గొంతు కిందికి దిగిపోతా ఉంది. బుర్రుమని ఒకటే గుంయి. రెక్టిఫయరు పోయిందమ్మా అన్నాడు. అది నిజమే. ఒకసారి మా ఇంటాయన ఉన్నప్పుడు కూడా ఇట్లే అయింది. ఇంకొక వాల్వు ఆయనే కొని దాచినాడు. అది నేను అటుకుల డబ్బాలో పాత చీర పేలికలో చుట్టి పెట్టిందాన్ని తీసి ఇచ్చినాను. గాజు మీద రాసిన నంబరు పాతదాని నంబరుతో కలుస్తుందా లేదా అని ఇద్దరమూ వెలుతురుకు పట్టి చూసినాము. గుంతలో కూర్చుంటుందని ఏ వాల్వు బడితే ఆ వాల్వు పెడితే ట్రాన్సుఫార్మరు కాలిపోతుంది. అదీ మా ఇంటాయన చెప్పిందే. నంబరు కలిసింది.

అంత వరకు గలాటా లేదు.

ఆ తర్వాత వాడు ఒక పని చేసినాడు. చిన్న వాల్వులను ఒక్కొక్కటే పీకి తువ్వాలు మీద వరసగా పెట్టినాడు. రెక్టిఫయరు పూర్తిగా చచ్చిందా, ఇంకా ప్రాణం ఉందా అని ఇంకోసారి స్విచ్చి వేసి చూడాలంట. చెడింది ఒకటైతే మంచివాటిని ఎందుకు కాల్చాల, వాటి ఆయుస్సు ఎందుకు తగ్గించాల అని వాడి లెక్క. అది మా ఇంటి బుద్ధే. ఖాళీ పొయ్యి కింద పుల్ల మండకూడదు అనే ఇంట్లో పుట్టినాడు. నేను చూస్తానే ఉండినాను, సరే అనే అనుకున్నాను. స్విచ్చి వేసినాడు. పెద్ద వాల్వు ఎర్రగా వెలిగింది. ప్రాణం ఉంది గాని బలం లేదు అన్నాడు. ప్లగ్గు పీకినాడు.

తొట్టి నిండింది. తాగే వాల్వులు ఒక్కటీ లోపల లేవు. అది అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు. నాకు తెలిసింది ఒక్కటే. బల్బు పెట్టలేదు, చెయ్యి కట్టుకోలేదు. అందుకే నోరు పెట్టుకున్నాను. మొదట్లో రాసిన మాటలు అప్పటివి.

నేను వంటింట్లోకి పోయి కూర్చున్నాను. ఆ దినం పొద్దున మిల్లు నుంచి రాగిపిండి వచ్చింది. మూట కట్టినట్టే ఉండె. మూతి విప్పి, జల్లెడ ఒళ్ళో పెట్టుకొని జల్లించబట్టినాను. వంటింటి నుంచి నడవ కనిపించదు. మధ్యలో గోడ. వినిపిస్తుంది మాత్రం. స్క్రూడ్రైవరు పెట్టెకు తగిలే చప్పుడు వినిపిస్తా ఉండె.

నా మనసులో ఏముండెనో అదీ చెప్తాను. లేచి పోయి వాడి ఎడమ చెయ్యి పట్టుకొని వెనక్కి లాగాల అని ఉండె. అంతకు మించి ఇంకేమీ లేదు. మరిదిని బండిలోంచి దించింది కండ్ల ముందరికి వచ్చింది. లేచిపోవడానికి మోకాలు కూడా ఎత్తినాను. "రాను" అన్న మాట అడ్డం వచ్చింది. వాడు "పో" అన్న మాట ఇంకా అడ్డం వచ్చింది. కూర్చున్నాను. కుడి చెయ్యి పిండిలో పెట్టి పిడికిలి బిగబట్టినాను. పిండి వేళ్ళ సందుల్లోంచి కారతా ఉండింది నాకు బాగా జ్ఞాపకం.

అప్పుడు నడవలోంచి వాడి గొంతు వినిపించింది.

"అమ్మా, చెయ్యి వదులు."

నన్ను ఎగతాళి చేస్తా ఉండాడు అనుకున్నాను.

"వదులమ్మా. నాకు తెలుసు. చూసే చేస్తా ఉండాను."

ఈ మాటలో ఎగతాళి లేదు. విసుగు ఉంది. చిన్నప్పుడు తలకు నూనె పెట్టేటప్పుడు వదులు వదులు అనేవాడే, ఆ విసుగు.

మూడోసారి కూడా అన్నాడు. "నొప్పి పెడతా ఉంది. వదులు."

జల్లెడ పక్కన దించి లేచినాను. వంటింటి గడప దగ్గరికి వచ్చి చూస్తే, వాడు నా వైపు పక్కకు తిరిగి కూర్చొని ఉండాడు. ముందర పెట్టె. కుడి చేతిలో స్క్రూడ్రైవరు పెట్టె లోపల ఉంది. ఎడమ చెయ్యి నడుం వెనక్కి మడిచి ఉంది. ఊరికే మడిచింది కాదు. మోచెయ్యి పైకి లేచి, అదరతా ఉండె. లాగే చేతిని ఎవురన్నా బలంగా పట్టి ఉంచితే ఎట్ల అదురుతుందో అట్ల. వాడి వెనకాల ఎవురూ లేరు. గోడ, దాని మీద వేలాడే గొడుగు, అంతే.

"నేను ఈడుండాను గదరా" అన్నాను.

వాడు తల తిప్పి నన్ను చూసినాడు. చూసేసరికి కుడి చెయ్యి జారింది. స్క్రూడ్రైవరు కొన కండెన్సరుకూ పెట్టె ఇనుముకూ ఒకేసారి తగిలింది. టపాసు పేలినట్టు పెద్ద శబ్దం, నీలంగా మంట. స్క్రూడ్రైవరు ఎగిరి పోయి గోడకు తగిలి కింద పడింది. దాని కొన కొలిమిలో పెట్టినట్టు కరిగి, నల్లబడింది. ఇప్పటికీ ఉంది.

మునిరాజు వెనక్కి పడినాడు. వాడికేమీ కాలేదు. స్క్రూడ్రైవరు పిడి ప్లాస్టిక్కుది. ఎడమ చెయ్యి దేన్నీ తాకలేదు.

ఆ చేత్తో ఏం చేయబోతా ఉంటివి అని వెంటనే అడిగినాను. వాల్వు ఊడి రావడం లేదు, పెట్టెను గట్టిగా పట్టుకుందామని ఎడమ చెయ్యి చాపబోతా ఉంటిని, అప్పుడే నువ్వు వచ్చి వెనక్కి లాగితివి అన్నాడు. నా మరిది ఆ పెండ్లిలో పట్టుకున్నట్టే అన్నమాట.

నేను రాలేదు అని చెప్పేలోపల వీధి వాకిట్లో బిందె దబ్బుమని దించిన చప్పుడు. పద్మ నీళ్ళకు పోయి వచ్చింది. పేలిన శబ్దానికి బెదిరిపోయి లోపలికి వచ్చి, మొగుణ్ణి చూసి, నన్ను చూసి, ఆ పిల్ల అడిగిన మొదటి మాట ఇది.

"అత్తా, నువ్వు అంతలోపల వంటింట్లోకి ఎట్ల పోతివి?"

ఏమే ఆ మాట అన్నాను. వీధి నుంచి వస్తా వస్తా తలుపులోంచి చూసిందంట. నేను మునిరాజు వెనకాల గొంతుక్కూర్చొని, తల వంచుకొని, వాడి చెయ్యి గట్టిగా పట్టుకొని ఉండానంట. ముఖం కనిపించలేదు. చీర చూసి నేనే అనుకుందంట. ఆ దినం నేను కట్టింది నీలం గళ్ళ చీర. పద్మ చెప్పిందీ అదే. ఇద్దరికీ రాజీ అయింది, మంచిదే అనుకొని బిందె దించడానికి పక్కకు తిరిగిందంట. అప్పుడు పేలింది.

నాకు కోపం వచ్చింది. ఇద్దరూ కూడి నన్ను ఆట పట్టిస్తా ఉండారు అనుకున్నాను. అప్పుడు మునిరాజు ఎడమ చెయ్యి ముందుకు తెచ్చి చూపించినాడు. మణికట్టు చుట్టూ రాగిపిండి. పైన నాలుగు వేళ్ళ అచ్చు, కింద బొటనవేలి అచ్చు. ఆ నాలుగింట్లో ఒకటి మధ్యలో తెగినట్టు ఉండె. నా కుడి ఉంగరం వేలు వంకర. వయసులో ఉన్నప్పుడు రాగి కోతలో కొడవలి తగిలింది, కణుపు లోపలికి పోయింది. దేన్ని పట్టినా ఆడ సందు పడుతుంది.

నేను నా చెయ్యి ఆ అచ్చు మీద పెట్టి చూసినాను. సరిపోయింది. పద్మను కూడా పెట్టమన్నాను. ఆమెవి పొడుగు వేళ్ళు, సరిపోలేదు.

పద్మ పోయి బిందె తెచ్చి లోపల పెట్టింది. నీళ్ళు ఒలికినాయి. నేను తిట్టలేదు. తిట్టలేదని ఆ పిల్ల ఇంకా భయపడింది.

చదివేవాళ్ళకు వచ్చే అనుమానాలు నాకూ వచ్చినాయి. ఒక్కొక్కటే చూసుకున్నాను. గొడవలో నేను వాడి చెయ్యి పట్టుకొని ఉంటానా? పట్టుకోలేదు. పట్టుకున్నా పిండి అంటదు. గొడవ అయినాకనే నేను పిండి మూట విప్పినాను. అంతకు ముందే వాడు స్నానం చేసి తిని కూర్చున్నాడు. నాకు తెలియకుండా లేచి పోయింటానా? నా ఒళ్ళో నిండుగా పిండి ఉన్న జల్లెడ ఉండె. దాన్ని దించకుండా ఎవురూ లేవలేరు, నేను దించింది ఒక్కసారే. మా నడవ నేల ఎర్ర గారనేల. దాని మీద రాగిపిండి పడితే బూడిద మాదిరి కనిపిస్తుంది. వంటింటి గడప నుంచి వాడు కూర్చున్న చోటు దాకా వంగి చూసినాను. ఒక్క రవ్వ లేదు. వేరే ఎవురన్నా వచ్చినారా అంటే, ఆ పొద్దు మా ఇంటికి కుక్క కూడా రాలేదు.

పెట్టెలో కరెంటు ఎట్ల మిగిలిందో మునిరాజు తర్వాత కనిపెట్టినాడు. అది తెలిసే విషయమే. చిన్న వాల్వులు తీసేసినందువల్ల తాగేది లేదు. తొట్టిని మెల్లగా దించడానికి అడుగున ఒక చిన్న రెసిస్టరు ఉంటుందంట, అది ఎప్పుడో మాడిపోయింది. దాంట్లో వింత ఏమీ లేదు. చెయ్యి సంగతే తెలియలేదు.

మా ఇంటాయనే వచ్చినాడు అని కొందరు చెప్పినారు. నా మరిది వచ్చినాడు అన్నవాళ్ళూ ఉండారు. వచ్చేవాళ్ళు వాళ్ళ చేత్తో రావాల గదా, నా చేత్తో ఎందుకు వస్తారు? నా వంకర వేలు వాళ్ళకెందుకు? తల్లి మనసు అట్ల పోయి పట్టుకుంది అని ఒకామె కండ్లనీళ్ళు పెట్టుకుంది. మనసుకు పిండి ఎట్ల అంటుతుంది అని అడిగినాను. ఆమె చెంగుతో కండ్లు తుడుచుకొని లేచి పోయింది.

రెండు వేలు దాటినాక మైకుసెట్లకు కొత్త మిక్సర్లు వచ్చినాయి. అయ్యవారు పోయినారు. పెట్టె ఇప్పుడు అటక మీద ఉంది. గుడ్డ చుట్టి పెట్టినాను, ఎలుకలు కొట్టకుండా. అప్పుడు మార్చిన వాల్వు ఇంకా వెలుగుతుంది. ఇన్నేండ్లలో నేను ఆ మధ్యాహ్నాన్ని ఎన్నిసార్లు మొదటి నుంచి ఆఖరి దాకా తిప్పి చూసుకున్నానో నాకే తెలియదు. జల్లెడ ఒళ్ళో ఉండె. పిడికిలి పిండిలో ఉండె. లేవాల అనుకొని లేవలేదు. ఇంతకు మించి నాకు తెలిసింది లేదు.

ఆ మరుసటి దినం పొద్దున జరిగింది కూడా చెప్పి ముగిస్తాను.

మునిరాజు కంపెనీకి సెలవు పెట్టినాడు. పొద్దున్నే నేను పొయ్యి ముట్టిస్తా ఉంటే వచ్చి స్టూలెక్కి, వంటింటి బల్బు ఊడదీసుకున్నాడు. మసి పంచె చెంగుతో తుడిచినాడు. "దీంట్లో ఇంత వెలుతురు ఉందని మనకెవురికీ తెలియదు గదమ్మా" అన్నాడు. నేను నవ్వలేదు. వాడు పెట్టె ముందర ప్లగ్గు పెట్టుకున్నాడు. బల్బుకు వైర్లు కట్టినాడు. నాయన తువ్వాలు మేకు మీదనే ఉండె. దాన్ని చూసినాడు, తీసుకోలేదు. వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడినాడు.

"అమ్మా, రా. చెయ్యి పట్టుకో."

నేను సంగటికి పిండి కొలుస్తా ఉంటిని. చెంబు నీళ్ళు తీసుకొని వాకిట్లోకి పోయి, రెండు చేతులూ మోచేతి దాకా కడుక్కున్నాను. గోళ్ళ సందులు కూడా. చెంగుకు తుడుచుకొని వాడి వెనకాల గొంతుక్కూర్చున్నాను. ఎడమ చెయ్యి వాడే వెనక్కి పెట్టినాడు. పట్టుకున్నాను.

వాడు ఒక వైరు పెట్టెకు తగిలించి, ఇంకొకటి కండెన్సరుకు ఆనించినాడు. బల్బు వెలగలేదు. ఉన్నదంతా ముందు దినమే పేలిపోయింది. "తొట్టి ఖాళీ" అన్నాడు. అయినా రెండోసారి ఆనించి చూసినాడు. పాత వాల్వును గాజు దగ్గర కాకుండా అడుగు దగ్గర పట్టుకొని, ఊపకుండా నిలువుగా పీకినాడు. కొత్తదాన్ని తిప్పి తిప్పి, దాని మధ్య ముల్లు గుంత గాడిలో కలిసేట్టు చూసి దించినాడు. చిన్న వాల్వులు ఎక్కడివి అక్కడ కూర్చోబెట్టినాడు. మూత బిగించినాడు. ఇంత పనీ ఒంటి చేత్తోనే.

మూతకు ఆఖరి స్క్రూ బిగిసే దాకా నేను వదల్లేదు.

ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసినాడు. మూత జాలీలోంచి పెద్ద వాల్వు మెల్లగా ఎర్రబడింది. గుంయి లేదు. మైకులో ఊదినాడు, హలో అన్నాడు. గొంతు నిలబడింది. పద్మ వాకిట్లోంచి తొంగి చూసి, మమ్మల్నిద్దర్నీ ఒక్కొక్కర్నే లెక్క పెట్టినట్టు చూసి, నీళ్ళకు పోయింది.

నేను లేచేముందు వాడి మణికట్టు తిప్పి చూసినాను. నా పట్టుకు ఎర్రగా కమిలి ఉండె. పిండి మాత్రం లేదు. నేను కడుక్కొని వచ్చింటిని గదా.